రాయనిది లెక్కలోకి రాదు: పేటెంటు దరఖాస్తుపై పాఠకుల ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి పేటెంట్ల మీద వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. యంత్రాల లోపలి వివరాలు రాసిన చోట కత్తిరించాం. ఎందుకు కత్తిరించామో నాలుగో జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: ఎండుమిరప కాయలకు ముచ్చికలు తీసే యంత్రం తయారు చేశాను. పేటెంటుకు పెట్టాలని ఉంది. దరఖాస్తు తెలుగులో పెట్టొచ్చా? అందులో ఏమేం ఉండాలి? కాగితాలు పట్టుకుని చెన్నై వెళ్లాలా?
— ఫ్యాబ్రికేషన్ షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ

జవాబు: తెలుగులో కుదరదు. నిబంధనల ప్రకారం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. అయినా మొదటి చిత్తు మాత్రం తెలుగులోనే రాయండి. యంత్రం గురించి మీకు తెలిసినదంతా మీ నోటికి వచ్చిన మాటల్లోనే బయటికొస్తుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టిన వాళ్లు తమకు వచ్చిన ఇంగ్లీషు మేరకే యంత్రాన్ని వర్ణించి ఊరుకుంటారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

ఆంధ్రప్రదేశ్ చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తుంది. అయితే అక్కడికి వెళ్లాల్సిన పని లేదు. డిజిటల్ సిగ్నేచర్ తీసుకుని ఆన్‌లైన్లో దాఖలు చేయొచ్చు. సొంతంగా పెట్టుకునే వ్యక్తికి ఫీజు 1,600 రూపాయలు. కాగితాల మీద ఇస్తే 1,750. విచారణ పడినా వీడియో ద్వారానే జరుగుతుంది. పేటెంట్ ఏజెంటును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. పెట్టుకుంటే ఫారం 26 మీద అధికార పత్రం ఇవ్వాలి.

కావలసినవి: ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరం), ఫారం 3 విదేశీ దరఖాస్తుల మీద హామీ (విదేశాల్లో ఏమీ పెట్టకపోయినా ఇవ్వాలి), ఫారం 5 ఆవిష్కర్త ఎవరన్న ప్రకటన. మీరు వ్యక్తిగా పెడుతున్నారు కాబట్టి ఫారం 28 అక్కర్లేదు. షాపు పేరు మీద, చిన్న పరిశ్రమ రాయితీతో పెట్టాలనుకుంటే ఉద్యం (చిన్న పరిశ్రమగా నమోదు) సర్టిఫికెట్ జతచేసి ఆ ఫారం ఇవ్వాలి.

వీటిలో ఫారం 2 తప్ప మిగతావన్నీ గంటలో నింపేయొచ్చు. ఫారం 2లో వరస ఇలా ఉంటుంది: పేరు, ఏ రంగానికి చెందినది, ఇంతకు ముందు ఉన్నవి, వాటిలో లోటు, ఆవిష్కరణ సారం, బొమ్మల జాబితా, వివరమైన వర్ణన, కొత్త పేజీ మీద క్లెయిములు (మీ హక్కు ఎంతవరకో చెప్పే అంశాలు), చివర సారాంశం. పేరు 15 మాటలు దాటకూడదు. ‘అద్భుతమైన’, ‘సరికొత్త’ లాంటి మాటలు, మీ పేరు, షాపు పేరు అందులో పెట్టకండి. సారాంశం 150 మాటల లోపు ఉండాలి.

ఇక వర్ణన. దరఖాస్తు పెట్టిన రోజు అందులో ఏముందో అదే మీ ఆస్తి. పేటెంటు చట్టం సెక్షన్ 59 ప్రకారం తర్వాత చేసే సవరణ ఉన్నదాన్ని తగ్గించడానికో, సరిదిద్దడానికో, వివరించడానికో ఉండాలి తప్ప కొత్త విషయం చేర్చకూడదు. ఏడాదిన్నర తర్వాత పేటెంటు కార్యాలయం పరిశీలకుడు “రోలర్ల మధ్య సందు ఎంత? అంతే ఎందుకు?” అని అడిగితే, జవాబు మీ నోట్లో ఉండి కాగితం మీద లేకపోతే ఎందుకూ కొరగాదు.

అందుకే “రోలర్లు తగిన వేగంతో తిరుగుతాయి” లాంటి వాక్యాలు కొట్టేయండి. ఎన్ని చుట్లు, ఎంత నుంచి ఎంత దాకా? అంతకన్నా వేగం పెరిగితే ఏమవుతుంది? కాయ పగిలి గింజ రాలుతుందా? తగ్గితే ముచ్చిక సగంలో తెగి మిగిలిపోతుందా? రోలరు తొడుగు ఏ పదార్థం, ఎంత గట్టిది? కాయలో తేమ ఎంత ఉన్నప్పుడు యంత్రం సరిగ్గా పనిచేస్తుంది? కల్లంలో అప్పుడే ఆరిన కాయకూ, కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన కాయకూ సర్దుబాటు ఏమైనా మార్చాలా? సన్నం రకానికీ లావు కాయకూ తేడా ఏమిటి? ప్రతిదానికీ మూడు అంకెలు రాయండి: పనిచేసే పరిధి, బాగా పనిచేసే పరిధి, మీరు వాడుతున్న కచ్చితమైన కొలత. మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని దాచకుండా చెప్పాలని సెక్షన్ 10 అడుగుతోంది. ‘అసలు కిటుకు’ దాచిపెట్టి పేటెంటు తెచ్చుకుంటే, రేపు ప్రత్యర్థి దాన్ని రద్దు చేయించడానికి అదే ఆధారమవుతుంది.

మీలాంటి యంత్రాలకు తరచూ తగిలే అభ్యంతరం సెక్షన్ 3(ఎఫ్). తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చి, దేని పని అది విడిగా చేసుకుంటూ ఉంటే అది ఆవిష్కరణ కాదు. తొట్టి, మోటారు, రోలరు, జల్లెడ అన్నీ బజారులో దొరికేవే. కాబట్టి ఒక భాగం చేసే పని మరో భాగం మీద ఎలా ఆధారపడిందో, రెండూ కలవడం వల్ల విడివిడిగా రాని ఏ ఫలితం వచ్చిందో వర్ణనలోనే రాయాలి. తూచిన లెక్క ఉంటే ఇంకా మంచిది. ఒకే టిక్కీలోని (మిర్చి బస్తాలోని) కాయను రెండు భాగాలు చేసి, ఒకటి చేత్తో, ఒకటి యంత్రం మీద తీయించి, విరిగిన కాయ, రాలిన గింజ, మిగిలిన ముచ్చిక ఎంతెంతో గ్రాముల్లో పట్టిక వేయండి. మీ కొలతలే వేయండి. కల్పించిన అంకెలు విచారణలో నిలబడవు.

రాయడం మొదలుపెట్టే ముందు ఒక పూట వెతుకులాటకు పెట్టండి. భారతీయ పేటెంట్లకు ఇన్‌పాస్, ప్రపంచానికి పేటెంట్‌స్కోప్, ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్ అన్నీ ఉచితమే. “చిల్లీ మెషీన్” అని కొడితే పనికిరానివే ఎక్కువ వస్తాయి. ‘డీస్టెమ్మింగ్’, ‘పెడిసెల్’, ‘కేలిక్స్’ మాటలతో వెతకండి. కాయల తొడిమలు తీసే యంత్రాలకు అంతర్జాతీయ వర్గీకరణలో ఏ23ఎన్ 15/02 అన్న గుర్తు ఉంది. ఆ గుర్తుతో వెతికితే చైనా, కొరియా, అమెరికా యంత్రాలన్నీ ఒకచోట కనబడతాయి. దొరికిన వాటిని చూసి దిగులుపడకండి. వాటిలో లేనిది మీ దగ్గర ఏముందో ఆ వెతుకులాటే చెబుతుంది.

ప్రశ్న: మా దరఖాస్తులో 22 క్లెయిములు ఉన్నాయి. ఎక్కువ రాస్తే రక్షణ ఎక్కువని ఒకరు, ఫీజు దండగని ఒకరు అంటున్నారు. క్లెయిము ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చెబుతారా?
— చిన్న పరిశ్రమ నడిపే పాఠకుడు, గుంటూరు

జవాబు: మొదటి 10 క్లెయిములు మామూలు ఫీజులోనే. ఆపైన ఒక్కోదానికి 320 రూపాయలు. మీకు 12 అదనం కాబట్టి 3,840. అసలు ప్రశ్న డబ్బు కాదు, మొదటి క్లెయిములో ఏముందన్నది. మీ యంత్రాన్ని ఎవరైనా కాపీ కొట్టారని నిరూపించాలంటే, ఆ క్లెయిములో రాసిన ప్రతి అంశమూ అవతలివాడి యంత్రంలో ఉండాలి. ఒక్కటి తప్పినా వాడు బయటపడే దారి దొరికినట్టే. ‘ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు’ అని మొదటి క్లెయిములో రాస్తే, వాడు ఒకటిన్నర పెట్టుకుని నవ్వుకుంటాడు.

మరీ విశాలంగా రాసినా చిక్కే. “ముచ్చికలు తీసే రోలర్లు గల యంత్రం” అంటే పాత పేటెంటు ఏదో ఒకటి దాన్ని కొట్టేస్తుంది. మధ్యస్థంగా ఎలా ఉంటుందో ఇదిగో. ఇది మేం కల్పించిన యంత్రం. అచ్చయింది కాబట్టి దీన్ని కొత్తదని ఇక ఎవరూ చెప్పుకోలేరనుకోండి. బ్రాకెట్లలోవి బొమ్మలో భాగాలకు వేసే అంకెలు:

“1. ఎండుమిరప కాయల ముచ్చికలు తొలగించే యంత్రం (100), అందులో ఒక చట్రం (10), ఆ చట్రం పైభాగాన ఒక తొట్టి (20), ఆ తొట్టి కింద, పొడవాటి సందులున్న, కంపించే ఒక పళ్లెం (30), ఆ పళ్లెం అడుగున ఎదురెదురు దిశల్లో తిరిగే ఒక జత రోలర్లు (40, 42) ఉండి, ఆ సందుల వెడల్పు ముచ్చిక మందం కన్నా ఎక్కువగా, కాయ నడుము కన్నా తక్కువగా ఉండడం వల్ల ముచ్చిక కిందికి దిగి రోలర్లకు (40, 42) చిక్కుతుంది, కాయ పళ్లెం (30) మీదే ఆగుతుంది.

2. క్లెయిము 1లో చెప్పిన యంత్రం (100), ఇందులో రోలర్లకు (40, 42) రబ్బరు తొడుగు ఉంటుంది.”

మొదటి దాని చివరి భాగం చూడండి. కొత్తదనమంతా సందు వెడల్పుకూ రోలరుకూ ఉన్న లంకెలో ఉంది. మోటారు ఊసే లేదు, ఎందుకంటే చేత్తో తిప్పినా ఆ లంకె పనిచేస్తుంది. రబ్బరు తొడుగు, మోటారు, రోలర్ల సందును మార్చే మర, మిల్లీమీటర్ల కొలతలు అన్నీ కింది క్లెయిముల్లోకి వెళ్లాలి. పరిశీలకుడు మొదటిదాన్ని ఒప్పుకోకపోతే, రెండోదాన్నో ఐదోదాన్నో దానిలో కలిపి ఇరుకు చేసుకుంటూ వెనక్కి తగ్గడానికి మెట్లుగా పనికొస్తాయి. ఆ మెట్లు ముందే కట్టుకోవాలి.

రాతలో దొర్లే తప్పులు: ఒక క్లెయిము ఎంత పొడవైనా ఒకే వాక్యంగా ఉండాలి, చివర తప్ప ఫుల్‌స్టాప్ పెట్టకూడదు. ముందు ‘ఒక పళ్లెం’ అని పరిచయం చేయకుండా ‘ఆ పళ్లెం’ అనకూడదు. వర్ణనలో పళ్లెం అన్నదాన్ని క్లెయిములో జల్లెడ అనకూడదు. ‘వీలైతే’, ‘సుమారు’, ‘మొదలైనవి’, ‘ఇలాంటివి’ లాంటి మాటలు అస్పష్టమంటూ వెనక్కి వస్తాయి. ‘వేగంగా, చవగ్గా పనిచేసే’ లాంటి పొగడ్తలకు అక్కడ చోటు లేదు. వర్ణనలో లేని భాగం క్లెయిములోకి రానే రాకూడదు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు భాగాల జాబితా ముందు ‘కంప్రైజింగ్’ అని రాయించండి. ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అంటే ఆ భాగాలు తప్ప ఇంకేమీ లేవని అర్థం చేసుకుంటారు. అప్పుడు అవతలివాడు ఒక ఫ్యాను అదనంగా తగిలించి తప్పించుకోగలడు.

మీ 22లో నిజంగా మెట్టుగా పనికొచ్చేవి ఎన్నో చూడండి. ‘యంత్రానికి నాలుగు కాళ్లు ఉంటాయి’ లాంటివి తీసేయండి.

ప్రశ్న: మా ప్రాజెక్టు దరఖాస్తు మేమే తయారు చేస్తున్నాం. పేజీ మార్జిన్లు, అక్షరాల సైజు లాంటివి నిజంగా చూస్తారా? ఆటోక్యాడ్ బొమ్మలు అలాగే పెట్టొచ్చా?
— ఇంజనీరింగ్ విద్యార్థులు, కానూరు, విజయవాడ

జవాబు: చూస్తారు. వీటివల్ల పేటెంటు పోదు గానీ, పరిశీలన నివేదికలో ‘లాంఛన లోపాలు’ అని జాబితా వచ్చి, మళ్లీ అన్నీ సరిచేసి పంపాల్సి వస్తుంది. పేటెంటు నిబంధనలు 9, 15 చెప్పేవి ఇవి.

కాగితం ఎ4. పైన, ఎడమ కనీసం 4 సెం.మీ., కింద, కుడి కనీసం 3 సెం.మీ. మార్జిన్. అక్షరం ఎత్తు 0.28 సెం.మీ.కు తగ్గకూడదు. టైమ్స్ న్యూ రోమన్ 12 పాయింట్లలో పెద్దక్షరం ఎత్తు సరిగ్గా అంతే వస్తుంది. పేజీలు తగ్గించాలని 11కి దించితే నిబంధన తప్పినట్టే. లైన్ల మధ్య ఒకటిన్నర ఎడం. ఒక వైపే అచ్చు. పేజీ నంబరు అడుగున మధ్యలో. వర్ణన, క్లెయిముల పేజీల్లో ప్రతి ఐదో లైనుకూ ఎడమ మార్జిన్లో 5, 10, 15 అని అంకె ఉండాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. వర్డ్‌లో లేఔట్ కింద లైన్ నంబర్స్‌లోకి వెళ్లి, ఐదుకొకసారి, ప్రతి పేజీకీ కొత్తగా మొదలయ్యేలా పెట్టుకుంటే అదే పడుతుంది.

వర్ణన, క్లెయిములు, బొమ్మలు, సారాంశం కలిపి 30 పేజీల దాకా అదనపు ఫీజు లేదు. ఆపైన వ్యక్తులకు పేజీకి 160. ఉదాహరణకు 38 పేజీలు, 14 క్లెయిములైతే 1,600 + 1,280 + 1,280 = 4,160 రూపాయలు.

ఆటోక్యాడ్ షీటు ఉన్నదున్నట్టు పనికిరాదు. బొమ్మల మీద కొలతలు వేయకూడదని నిబంధన స్పష్టంగా ఉంది. టైటిల్ బ్లాకు, కాలేజీ లోగో, రంగులు తీసేయండి. ‘మోటారు’, ‘బెల్టు’ అని మాటలు కూడా రాయకూడదు. అంకెలే వేసి, ఆ అంకె ఏమిటో వర్ణనలో చెప్పాలి. ఫ్లో డయాగ్రాములకు మాత్రం మాటలు ఒప్పుకుంటారు. ప్రతి షీటు మీద ఎడమ పైమూల దరఖాస్తుదారు పేరు, కుడి పైమూల మొత్తం షీట్లు ఎన్ని, ఇది ఎన్నోది, కుడి కిందిమూల సంతకం. బొమ్మలను వర్ణన మధ్యలో ఇరికించకండి, విడి షీట్లుగా పెట్టండి.

సెల్‌ఫోన్ ఫొటోలు, త్రీడీ రెండరింగులు బాగానే కనిపిస్తాయి. స్కాన్ చేశాక నల్లగా ముద్దవుతాయి. ఆ త్రీడీ మోడల్ నుంచే గీతల బొమ్మ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి: మొత్తం యంత్రం ఒకటి, అడ్డకోత ఒకటి, కొత్తదనం ఉన్న చోట పెద్దది చేసి ఒకటి. మూడో బొమ్మ లేని దరఖాస్తులు చాలా కనబడతాయి. యంత్రం బయటి పెట్టె నాలుగు వైపుల నుంచీ గీస్తారు, లోపల అసలు పని జరిగే చోటు మాత్రం వదిలేస్తారు. అంకెలను 10, 20, 30గా వేసుకుంటే మధ్యలో కొత్త భాగం గుర్తొచ్చినప్పుడు 22, 24 అని ఇరికించుకోవచ్చు. దాఖలు చేసే ముందు బొమ్మలోని ప్రతి అంకె వర్ణనలో ఉందా, వర్ణనలోని ప్రతి అంకె బొమ్మలో ఉందా అని ఒకరు చదువుతుంటే ఒకరు టిక్కు పెట్టండి.

ప్రశ్న: లాం దగ్గర రైతులకు మా కలుపు తీసే పరికరం నడిపి చూపించాం. యూట్యూబ్‌లో వీడియో కూడా పెట్టాం. ఇప్పుడు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పెడితే సరిపోతుందా?
— తాడికొండ నుంచి ఇద్దరు అన్నదమ్ములు

జవాబు: ఈ ఉత్తరం ముందే వచ్చి ఉంటే బాగుండేది. దరఖాస్తు తేదీకి ముందు లోకానికి తెలిసిపోయినది కొత్తది కాదు. చెప్పింది మీరే అయినా అంతే. అమెరికాలో సొంత ప్రకటనకు ఏడాది వెసులుబాటు ఉంది. మన చట్టంలో అలా అందరికీ వర్తించేది లేదు. ఉన్నవి ఇరుకైన మినహాయింపులు: కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శన, శాస్త్ర పరిషత్తు ముందు చదివిన పత్రం లాంటివి, అదీ 12 నెలల లోపు దరఖాస్తు పెడితేనే. బహిరంగంగా నడపక తప్పని పరికరాన్ని పరీక్ష కోసం నడిపితే దానికీ ఏడాది లోపు ఒక మినహాయింపు ఉంది. పొలంలో పరీక్ష దాని కింద వాదించుకోవచ్చు. యూట్యూబ్ వీడియోను పరీక్ష అనడం కష్టం.

అయినా ఆశ వదులుకోకండి. వీడియోను ఒక్కో ఫ్రేమూ ఆపి చూడండి. బయటివాడికి దానిలో ఏం తెలుస్తుంది? పళ్ల చక్రం కనబడుతుంది. లోపలి స్ప్రింగు అమరిక, పళ్ల వంపు కోణం, ఉక్కుకు చేసిన ట్రీట్‌మెంటు కనబడకపోవచ్చు. వీడియో తర్వాత చేసిన మార్పులూ ఉంటాయి. కనబడనివీ, కొత్తవీ మొదటి క్లెయిములో ఉండేలా దరఖాస్తు నిర్మించండి. వీడియోను ఇప్పుడు తీసేసినా పడ్డ తేదీ చెరగదు గానీ, కొత్త వీడియోలు మాత్రం ఆపండి. ఇకపై పరికరం చూపించాల్సి వస్తే ముందు రహస్య ఒప్పందం మీద సంతకం తీసుకోండి.

ఇక ప్రొవిజనల్. అది ఇచ్చేది తేదీ ఒక్కటే, అదీ అందులో రాసిన విషయానికి మాత్రమే. క్లెయిములు అక్కర్లేదు కదా అని ఒక పేజీ రాసి పెడతారు. తర్వాత సంపూర్ణ స్పెసిఫికేషన్‌లో స్ప్రింగు సంగతి చేరిస్తే, స్ప్రింగుకు రెండో తేదీయే వర్తిస్తుంది. ఈ లోపు ఇంకెవరైనా ప్రకటిస్తే మొదటి తేదీ కాపాడదు. కాబట్టి ప్రొవిజనల్‌లోనూ బొమ్మలు, కొలతల పరిధులు, ప్రత్యామ్నాయాలు అన్నీ వేయండి. పరికరం ఇంకా మారుతూ ఉంటేనే ప్రొవిజనల్. పని పూర్తయి ఉంటే నేరుగా సంపూర్ణమైనదే మేలు.

ప్రొవిజనల్ పెట్టిన 12 నెలల్లో సంపూర్ణ స్పెసిఫికేషన్ ఇవ్వాలి. గడువు దాటితే దరఖాస్తు వదిలేసినట్టు లెక్క. గడువు లోపే అడిగితే ప్రొవిజనల్ తేదీని ఆరు నెలల దాకా ముందుకు జరిపించుకోవచ్చు. కానీ జరిపిన మేరకు పాత తేదీ పోతుంది, ఈ మధ్యలో మీరు బయటపెట్టినవన్నీ మీ మీదకే తిరుగుతాయి. విదేశాల్లో పెట్టాలన్నా ఆ 12 నెలల లెక్క మొదటి దరఖాస్తు నుంచే. భారత్‌లో ఉంటూ ముందు విదేశంలో పెట్టాలంటే ఫారం 25 మీద అనుమతి కావాలి, లేదా ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి.

ప్రశ్న: ఆలోచన, తయారీ మా నలుగురు విద్యార్థులది. గైడు గారి పేరు, విభాగాధిపతి పేరు కూడా ఆవిష్కర్తలుగా వేయమంటున్నారు. వేయాలా?
— బీటెక్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: పరిష్కారం పుట్టడంలో బుర్ర పెట్టినవాళ్లే ఆవిష్కర్తలు. మీ గైడు గారు “బెల్టు బదులు గేరు పెడితే ఈ సమస్య తీరుతుంది” అని చెప్పి, ఆ గేరు క్లెయిములో ఉంటే ఆయన పేరు ఉండాల్సిందే. ల్యాబు తాళం ఇచ్చినందుకో, డబ్బు మంజూరు చేసినందుకో, పదవి ఉన్నందుకో పేరు ఎక్కదు. ఒక్కో క్లెయిము ఎదుట అది ఎవరి ఆలోచనో రాసుకుని కూర్చుంటే మాట పెరగకుండా తేలిపోతుంది.

దరఖాస్తుదారు వేరే సంగతి. అది హక్కు ఎవరిదన్న ప్రశ్న. కాలేజీ పేరు మీద పెడితే ఫారం 1లోని ఆవిష్కర్తల ప్రకటన దగ్గర మీ నలుగురూ సంతకాలు చేయాలి, లేదా హక్కు బదిలీ పత్రం ఆరు నెలల్లో ఇవ్వాలి. నాలుగో సంవత్సరం చివర పెట్టిన దరఖాస్తుల్లో ఈ సంతకాలే చిక్కు. పరీక్షలు అయిపోయాక ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో ఉంటారు. ముందే చేయించండి. కాలేజీ మేధోహక్కుల విధానం అడిగి తీసుకుని, ఆదాయంలో మీ వాటా ఎంతో చదివాకే సంతకం పెట్టండి. విద్యాసంస్థలకూ 2021 నుంచి వ్యక్తులకున్న ఫీజే వర్తిస్తుంది కాబట్టి డబ్బు కారణం చూపి పేర్లు మార్చాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: మా అత్తగారి కాలం నాటి గోంగూర పచ్చడి పాళ్లకు పేటెంటు వస్తుందా?
— గృహిణి, తెనాలి

జవాబు: రాదమ్మా. దినుసుల కలయిక వాటి గుణాల మొత్తమే అయితే సెక్షన్ 3(ఈ) అడ్డు, తరాలుగా తెలిసిన పరిజ్ఞానమైతే 3(పి) అడ్డు. పసుపు గాయాలను మాన్పుతుందని 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటునే మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. దుగ్గిరాల యార్డులో ఎవరిని అడిగినా చెప్పే సంగతి అది. మీకు పనికొచ్చేది బ్రాండు పేరుకు ట్రేడ్‌మార్కు. పాళ్లు మాత్రం ఎవరికీ చెప్పకండి.

ప్రశ్న: మిర్చి యార్డు ధరలను అంచనా వేసే యాప్ చేశాం. పేటెంటు ఇస్తారా? కొత్త ఆకారంలో చేసిన స్టీలు డబ్బాకు?
— ఇద్దరు పాఠకులు, విజయవాడ

జవాబు: కేవలం ప్రోగ్రాము, గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి సెక్షన్ 3(కె) కింద పేటెంటుకు అర్హం కావు. ధరల అంచనా ఈ మూడింటికీ తగులుతుంది. కోడుకు కాపీరైటు ఉంటుంది. అదే కాయ రంగును కెమెరాతో చూసి తాలు కాయలను గాలితో నెట్టేసే యంత్రమైతే, ప్రోగ్రాము అందులో ఒక భాగమై పరికరం పనితీరును మారుస్తుంది. అప్పుడు వాదించడానికి అవకాశం ఉంటుంది.

డబ్బా కొత్తదనం చూపుకే అయితే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించండి. వ్యక్తులకు ఫీజు 1,000 రూపాయలు, రక్షణ 10 ఏళ్లు, మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. దీనికీ అమ్మకానికి ముందే దరఖాస్తు పెట్టాలి. కొన్ని దేశాల్లో ఉన్న ‘చిన్న పేటెంటు’ లాంటిది మన దగ్గర లేదు.

ప్రశ్న: దరఖాస్తు పెట్టి ఏడాది దాటింది, ఏ కబురూ లేదు. మేం ఏమైనా చేయాలా?
— మంగళగిరి పాఠకుడు

జవాబు: బహుశా మీరు ఫారం 18 ఇవ్వలేదు. పరిశీలించమని విడిగా అడిగితే తప్ప మీ ఫైలు కదలదు. వ్యక్తులకు ఫీజు 4,000. 2024 మార్చి 15 నుంచి పెట్టిన దరఖాస్తులకు ఈ కోరిక ఇవ్వడానికి గడువు మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలలు. అంతకు ముందు 48 ఉండేది. పాత వ్యాసాలు చదివి 48 అనుకుని కూర్చుంటే దరఖాస్తు పోతుంది. ఈ రోజే ఇచ్చేయండి.

మామూలుగా 18 నెలలకు దరఖాస్తు పేటెంటు కార్యాలయం జర్నల్లో ప్రచురితమవుతుంది. తొందరగా కావాలంటే ఫారం 9, ఫీజు 2,500, నెల లోపు ప్రచురిస్తారు. స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు, దరఖాస్తుదారుల్లో కనీసం ఒక మహిళ ఉన్న వ్యక్తులు ఫారం 18ఏ మీద త్వరిత పరిశీలన అడగొచ్చు. దానికి 8,000. అయితే ఆమె నిజంగా హక్కున్న దరఖాస్తుదారు అయి ఉండాలి. ఈ రాయితీ కోసం పేరు ఇరికిస్తే రేపు పేటెంటులో ఆమెకు వాటా ఉన్నట్టే.

తర్వాత మొదటి పరిశీలన నివేదిక వస్తుంది. ఈమెయిల్‌కు వస్తుంది కాబట్టి స్పామ్ కూడా చూస్తూ ఉండండి. నివేదిక తేదీ నుంచి ఆరు నెలల్లో జవాబు ఇవ్వాలి. ఫారం 4 మీద మూడు నెలల దాకా పొడిగింపు దొరుకుతుంది. అభ్యంతరాలు చూసి గాభరా పడకండి. అన్నీ కొట్టేసినట్టు కనిపించడం మామూలే. పరిశీలకుడు చూపిన పాత పేటెంట్లు డి1, డి2 తెరిచి, మీ మొదటి క్లెయిములోని ఒక్కో అంశం పక్కన అది అక్కడ ఉందా లేదా అని పట్టిక వేయండి. లేనిది దొరికితే దానివల్ల ఏ ఫలితం వచ్చిందో మీ స్పెసిఫికేషన్‌లోని పేజీ, లైను నంబరు చూపి రాయండి. ఆ ఐదో లైను అంకెలు ఇక్కడే అక్కరకొస్తాయి. దొరకకపోతే కింది క్లెయిములోని అంశాన్ని పైకి తెచ్చి కలపండి. “మా యంత్రం చాలా బాగా పనిచేస్తోంది, రైతులు మెచ్చుకున్నారు” అని రాస్తే ఒక్క అభ్యంతరమూ తీరదు.

పేటెంటు వస్తే దాఖలు చేసిన తేదీ నుంచి 20 ఏళ్లు, మూడో ఏడు నుంచి ఏటా రెన్యువల్ కడుతూ ఉంటేనే. వ్యక్తులకు 3 నుంచి 6వ ఏడు దాకా ఏటికి 800 రూపాయలు, తర్వాత పెరుగుతూ పోతుంది. వాడకం వివరాల ఫారం 27 మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి ఇవ్వాలి.

ఇంకో మాట: మీ ఉత్తరంతో పంపిన కరపత్రంలో యంత్రం బొమ్మ కింద ‘పేటెంటెడ్’ అని ఉంది. ఇంకా రాలేదు కాబట్టి అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. సెక్షన్ 120 కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మిగిలిన కరపత్రాల మీద ‘పేటెంటు దరఖాస్తు పెండింగ్’ అని స్టిక్కరు వేయించండి.